సినిమాల్లో వలసవాళ్లు ఊరివాళ్ల మనసు బాగుచెయ్యడానికే వస్తారా?

బరంపురం బాబ్జీ:
నిన్న 'ది విజిటర్' (2007) చూశాను. చాన్నాళ్లకి న్యూయార్క్ ఫ్లాటుకి వచ్చిన ప్రొఫెసర్‌కి లోపల సిరియా కుర్రాడు తారెక్, అతని సెనెగల్ ప్రియురాలు కనిపిస్తారు. ఎవడో మోసం చేసి వాళ్లకి ఇల్లు అద్దెకిచ్చాడు. భార్య పోయి ముడుచుకుపోయిన ఆ పెద్దమనిషికి తారెక్ జెంబే అనే ఆఫ్రికా డ్రమ్ము వాయించడం నేర్పుతాడు. తర్వాత తారెక్‌ని పట్టుకుని దేశం నుంచి పంపించేస్తారు. ప్రొఫెసర్ మాత్రం మారాడు! ఆస్కార్ నామినేషన్ కూడా ఆ పాత్ర వేసిన రిచర్డ్ జెంకిన్స్‌కే. వలసవాడి పని ఇంతేనా?

గుణుపురం మాస్టారు:
అంత తీసిపారెయ్యకు బాబూ. ప్రొఫెసర్ లాయర్ని పెట్టాడు, తారెక్‌ని ఉంచిన డిటెన్షన్ సెంటర్ చుట్టూ తిరిగాడు. అతని చదువు, పలుకుబడి దేనికీ పనికిరాలేదు. ఇంకో దర్శకుడైతే చివర్లో ఓ స్పీచ్ కొట్టించి తారెక్‌ని విడిపించేవాడు. ఇందులో ఆ అబద్ధం లేదు.

పర్లాకిమిడి అమ్మాయి:
నాకైతే మలయాళం 'సుడానీ ఫ్రమ్ నైజీరియా' (2018) నచ్చింది మాస్టారూ. కేరళ మలప్పురంలో సెవెన్స్ (జట్టుకి ఏడుగురు ఆడే) ఫుట్‌బాల్ ఆడే నైజీరియా కుర్రాడు శామ్యూల్ గాయపడి మేనేజర్ మజీద్ ఇంట్లో మంచం పడతాడు. మజీద్ తల్లి, పక్కింటి పెద్దావిడ చూసుకుంటారు. భాష తెలియకపోయినా వాళ్ల కబుర్లు ఆగవు. శామ్యూల్‌కీ ఓ ఇల్లు, తనవాళ్లు, తన ఏడుపు ఉన్నాయి.

బరంపురం బాబ్జీ:
అక్కడా అదే కదమ్మా, చివరికి మజీద్ సవతి తండ్రితో రాజీపడతాడు! పైగా సినిమా ఆడాక ఆ శామ్యూల్ పాత్ర వేసిన నటుడు శామ్యూల్ రాబిన్‌సన్ తనకి తక్కువ డబ్బిచ్చారని, నల్లవాడిననే అలా చేశారని బయటపెట్టాడు. నిర్మాతలు కాదన్నారు, తర్వాత సర్దుబాటైంది. అయినా తెర మీద అంత ప్రేమ చూసినవాళ్లకి చివుక్కుమంటుంది.

పర్లాకిమిడి అమ్మాయి:
డబ్బు గొడవకి ఆ ఇద్దరు ముసలమ్మలేం చేశారు? సరే, మన సంగతి చూడండి. మా ఒడిశా గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి టిబెట్ వాళ్లున్నారు, మొక్కజొన్న పండిస్తారు. మనవాళ్లు అక్కడ సినిమా తీస్తే జిరంగ బౌద్ధ విహారం ముందు ఓ డ్యూయెట్ పెట్టి వచ్చేస్తారేమో.

సూరత్ మగ్గం:
అందరూ ఊరివాడు, వలసవాడు అనే లెక్కలోనే ఉన్నారు. మా గంజాం కుర్రాళ్లు సూరత్ పవర్‌లూముల్లో 12 గంటల షిఫ్టు చేస్తారు. ఒకే చాప మీద పగలు ఒకడు, రాత్రి ఒకడు పడుకుంటాడు. అక్కడ సేఠ్‌తో స్నేహం ఎవడికుంటుంది? పక్క మగ్గం మీద బీహార్ వాడుంటాడు, జీతం అందకపోతే వాడి దగ్గరే చేబదులు. ఇద్దరూ పరాయివాళ్లే. ఈ కథలో ఎవడి మనసూ మారక్కర్లేదు. 'ది విజిటర్'లో కూడా నాకు కావలసింది ఆ సిరియా, సెనెగల్ జంట కథే. ప్రొఫెసర్ తలుపు తీసేదాకా వాళ్లెలా బతికారో చూపిస్తే చాలు.

బరంపురం బాబ్జీ:
దానికి డబ్బెవరు పెడతారు గురూ? టికెట్ కొన్నవాడికి తనలాంటివాడు ఒక్కడైనా కనిపించాలిగా.

సూరత్ మగ్గం:
మేమూ టికెట్ కొనే చూస్తాం.