ఆర్దెష్ కొండల్లో కార్లు లేని గ్రావెల్ (కంకర, మట్టి) దారులు చెప్పగలరా?

నమస్కారం అండీ. మేము ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉంటాం. జూన్‌లో నేనూ మా ఆవిడా ఆర్దెష్‌లో నాలుగు రోజులు గ్రావెల్ సైకిళ్ల మీద తిరగాలనుకుంటున్నాం. పోయినేడు ఒక కారు మా ఆవిడకు మరీ దగ్గరగా దూసుకెళ్లింది. అప్పటినుంచి రోడ్డంటేనే తనకు టెన్షన్.

మొదటి భాగం ఖాయం: లా వూల్ట్ నుంచి ఏరియూ నది వెంట, పాత మీటర్ గేజ్ రైలు దారి మీద వేసిన డోల్చే వియా అనే సైకిల్ బాట. రైలు దారి కాబట్టి ఎత్తు నెమ్మదిగా పెరుగుతుంది, సొరంగాలూ వంతెనలూ అదనపు ఆనందం.

ఆ బాట ముగిసే సెంతాగ్రెవ్ ఊరు దాటాకే సమస్య. అక్కణ్ణుంచి లువార్ నది పుట్టే జెర్బియే ద జోం కొండ (1,551 మీటర్లు) దాకా మట్టిదారుల్లోనే వెళ్లొచ్చా? మావి 40 మిల్లీమీటర్ల టైర్లు. రాళ్లలో దిగి తోయాల్సి వస్తుందా? మధ్యలో మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయి? వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.