ఆరో తరగతి పాప ఐస్ హాకీ అంటోంది, కాలేజీ దాకా దారి ఉందా?

ప్రశ్న (ఈడెన్ ప్రెయిరీ, మినెసోటా):
నమస్కారమండీ. ఈ వేసవిలోనే హైదరాబాద్ నుంచి వచ్చాం. మావారిది హెచ్1బి, నేనూ పాపా హెచ్4. అక్కడ ఇందిరా పార్కులో రోలర్ స్కేటింగ్ నేర్చుకుంది. ఇక్కడ క్లాసులో ఆడపిల్లలు హాకీ బ్యాగులు మోసుకొస్తుంటే తనకూ కావాలని ఒకటే గొడవ. పక్కింటావిడేమో “కాలేజీలో స్కాలర్‌షిప్ వస్తుంది, చేర్పించేయండి” అంటోంది. నిజమేనా? ఇప్పటికే ఆలస్యమైందా?

జవాబు (మాడిసన్):
స్కేటింగ్ వచ్చు కాబట్టి పడతానన్న భయం ఉండదు. ఆగడం మాత్రం కొత్తగా నేర్చుకోవాలి, మంచు మీద బ్లేడు అడ్డంగా తిప్పి గీరుతూ ఆగుతారు. ఇక్కడి పిల్లలు నాలుగైదేళ్లకే మొదలుపెడతారు. మొదటి సీజన్‌లో మీ పాప వెనకబడే ఉంటుంది, ఉండనివ్వండి. ఆడపిల్లల ఆటలో ఒంటితో గుద్ది పడేయడం నిషేధం, ముఖానికి పూర్తి జాలీ ఉంటుంది. అయినా తలకు దెబ్బలు తగులుతాయి, దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

మీరు దిగిన చోటు మంచిది. ఆడపిల్లల హాకీని అందరికన్నా ముందు హైస్కూల్ ఆటగా గుర్తించింది మినెసోటాయే, 1994లో. ఊరి అసోసియేషన్‌లో ఆడి, ఆపైన సొంత పబ్లిక్ స్కూల్ టీమ్‌కి ఆడొచ్చు. చాలా రాష్ట్రాల్లో ప్రైవేటు క్లబ్బులే దిక్కు, వాటి ఫీజులు చూస్తే గుండె ఆగుతుంది.

టేలర్ హైసీది ఇదే దారి. లేక్ సిటీ అనే చిన్న ఊరి అమ్మాయి, రెడ్ వింగ్ హైస్కూల్‌కి ఆడింది. తర్వాత మినెసోటా యూనివర్సిటీ. 2022లో కాలేజీ ఆటగత్తెల్లో అత్యుత్తమురాలికి ఇచ్చే ప్యాటీ కాజ్‌మైయర్ అవార్డు, 2023లో మహిళల ప్రొఫెషనల్ లీగ్ పిడబ్ల్యూహెచ్ఎల్ తొలి డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా ఆటగత్తెల్ని ఎంచుకునేది) మొట్టమొదటి పేరు, 2024లో మినెసోటా జట్టుతో కప్పు. వినడానికి బాగుంది కదా! కానీ ఆ లీగ్ మొదలైనప్పుడు కనీస జీతం ఏడాదికి 35,000 డాలర్లు. మన సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్ ఆ ఆఫర్ వస్తే మొహం చిట్లిస్తాడు. చాలామంది అమ్మాయిలకు కాలేజీ నాలుగేళ్లే ఆటలో శిఖరం. నా మటుకు, అది తక్కువేమీ కాదు.

స్కాలర్‌షిప్ సంగతికొస్తే, దేశం మొత్తమ్మీద కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్ జట్లు నలభై చిల్లర, జట్టుకు పాతిక మంది. వాటికోసం కెనడా అమ్మాయిలూ పోటీకొస్తారు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ కాలేజీలు ఆట పేరుతో పైసా ఇవ్వవు, కుటుంబ ఆదాయం చూసి సాయం చేస్తాయి. కింది స్థాయి డివిజన్ త్రీలోనూ ఆటకు స్కాలర్‌షిప్ లేదు. అంచేత పక్కింటావిడ మాట నమ్మి లెక్కలు వేసుకోకండి. పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచే కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడొచ్చు, కాబట్టి ఇప్పటినుంచే టెన్షన్ అక్కర్లేదు. తొమ్మిదో తరగతి నుంచి మాత్రం మార్కులు లెక్కలోకొస్తాయి. డివిజన్ వన్‌లో ఆడాలంటే కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒప్పుకునే హైస్కూల్ సబ్జెక్టులు 16 పూర్తవ్వాలి. కౌన్సెలర్‌తో ఆ లిస్టు ముందే చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. మరి వీసా అడ్డొస్తుందా?

జవాబు (ఎడైనా):
అక్కా, స్కాలర్‌షిప్‌కి సిటిజెన్‌షిప్ అక్కర్లేదు, కెనడా అమ్మాయిలు తీసుకునేదీ అదే. చిక్కు 21 ఏళ్లు నిండినప్పుడు. మన గ్రీన్‌కార్డు క్యూ తెలిసిందే, అప్పటికి రాకపోతే హెచ్4 పోతుంది, ఎఫ్1కి, అంటే స్టూడెంట్ వీసాకి, మారాలి. ఆ పుట్టినరోజు సరిగ్గా కాలేజీ మధ్యలో వస్తుంది, కాబట్టి ముందే ఫైల్ చేసుకోవాలి. ఇంకోటి, కాలేజీ ఆటగాళ్లకు ప్రకటనల నుంచి, కాలేజీ నుంచి వచ్చే డబ్బు. తోటి పిల్లలు తీసుకుంటున్నారు కదా అని హెచ్4, ఎఫ్1 మీద ఉన్నవాళ్లు సంతకం పెట్టేస్తే అనుమతి లేకుండా పని చేసినట్టు అవ్వొచ్చు. లాయర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. ప్రొఫెషనల్ లీగ్‌కి వేరే వీసా కావాలి, అది చాలా దూరం మాట.

ముందు పాపని మినియాపొలిస్‌లో రిడర్ అరీనాకి తీసుకెళ్లండి. మహిళల కాలేజీ హాకీ కోసమే 2002లో కట్టింది. కొత్త కిట్ మాత్రం కొనకండి, పిల్లలు ఏడాదికో సైజు పెరుగుతారు. సెకండ్ హ్యాండ్ షాపులో హెల్మెట్ తప్ప మిగతావి తీసుకోవచ్చు. హాకీ స్కేట్ మామూలు బూటుకన్నా ఒకటి, ఒకటిన్నర సైజు తక్కువ పడుతుంది, వేయించి చూశాకే కొనండి.