దూరపు నడకకు స్లీపింగ్ బ్యాగు: డౌనా, సింథటికా?

నాగోలు నుంచి:
సెప్టెంబరులో లద్దాఖ్‌లోని మర్ఖా లోయలో ఎనిమిది రోజులు నడవబోతున్నాం. గుడారం, తిండి అన్నీ వీపు మీదే. నిమలింగ్ మకాం 4,700 మీటర్ల పైనే. నేను చూసిన డౌన్ బ్యాగు (బాతు నూగు నింపింది) ధర సింథటిక్‌కు (కృత్రిమ పీచు నింపినదానికి) రెట్టింపు ఉంది. అంత పెట్టాలా?

కూకట్‌పల్లి నుంచి:
పెట్టండి. బ్యాగు తనంతట వేడి పుట్టించదు. మన ఒంటి వేడిని గాలి పొరలో పట్టి ఉంచుతుంది. ఆ గాలిని తక్కువ బరువుతో పట్టడంలో బాతు నూగును మించింది లేదు. 800 ఫిల్ పవర్ అంటే ఔన్సు నూగు, సుమారు 28 గ్రాములు, 800 ఘనపు అంగుళాల మేర పొంగుతుందని అర్థం. నా పాత సింథటిక్ దాదాపు రెండు కిలోలు; అంతే వెచ్చగా ఉండే ఇప్పటి డౌన్ కిలోకు కాస్త ఎక్కువ. ఆ తేడా కనుమ ఎక్కేటప్పుడు మోకాళ్లకు తెలుస్తుంది.

సైనిక్‌పురి నుంచి:
తడిస్తే ఏం చేస్తారండీ? ఒకసారి చలికి భయపడి గుడారం జిప్పులన్నీ బిగించి పడుకున్నాను. తెల్లారేసరికి మా ఊపిరి తేమే లోపలి గుడ్డకు మంచులా పేరుకుంది. ఎండ తగలగానే అది చుక్కలుగా కారి బ్యాగు కాళ్ల వైపంతా తడిసింది. నూగు కుంకుడుకాయలంత ఉండలు కట్టింది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మధ్యలో ఉత్త గుడ్డే కనిపించింది. ఆ రాత్రి కాళ్లు వెచ్చబడనే లేదు. సింథటిక్ తడిసినా కొంతైనా కాపాడుతుంది. పైగా మన హైదరాబాద్ వానాకాలం! సంచిలో కుక్కి అటక మీద పెడితే ముక్కవాసన పట్టింది.

కూకట్‌పల్లి నుంచి:
మీ బాధ నిజమే, కానీ గుడారానికి గాలి ఆడేలా కొంత తెరిచి ఉంచాలి. లద్దాఖ్ గాలి పొడిది; మధ్యాహ్నం గంటసేపు ఎండలో పరిస్తే తేమ పోతుంది. ఇంట్లో ఎప్పుడూ కుక్కి ఉంచకండి, పెద్ద నూలు సంచిలో వదులుగా వేయండి.

నాగోలు మిత్రులకు అసలు మాట: బ్యాగు మీద కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు ఉష్ణోగ్రతల అంకెలుంటాయి. కంఫర్ట్ చూసే కొనండి. ఎక్స్‌ట్రీమ్ ప్రాణం నిలిపే అంకె, నిద్ర పట్టించేది కాదు. డిసెంబరులో 12 డిగ్రీలకే స్వెట్టర్లు తీసే ఊరు మనది. అక్కడ పడే చలి కంటే మరో ఐదు డిగ్రీలు కిందికే ఎంచుకోండి. బ్యాగు కింద వేసే పరుపు మీదా ఖర్చు పెట్టండి. వీపు కింద నలిగిన నూగులో గాలి ఉండదు, నేల చలిని ఆపేది పరుపే.

సైనిక్‌పురి నుంచి:
లద్దాఖ్ వరకు ఒప్పుకుంటాను. జులై వానల్లో హిమాచల్‌లోని హంప్తా కనుమకైతే నా సింథటిక్‌ను వదలను.