ఫుకెట్‌లో పెద్దవాళ్లతో ఒక రోజు పడవ యాత్ర: అలసట లేనిది ఏది?

నల్లగొండ కోడలు అడుగుతున్నారు:

సంక్రాంతి సెలవుల్లో మేము థాయిలాండ్‌లోని ఫుకెట్‌కు వెళ్తున్నాము. నాతోపాటు మావారు, ఆరో తరగతి చదివే మా పాప, అత్తమ్మ, మామయ్య వస్తున్నారు. బస పటాంగ్ బీచ్ దగ్గర. రోజూ ఒడ్డున కూర్చోవడమే కాకుండా ఒక రోజు గైడ్ వెంట ఉండే బృంద యాత్రకు వెళ్లాలని ఉంది. టికెట్లు, భోజనం, రాకపోకలు ఎవరో ఒకరు చూసుకుంటే మేము నిశ్చింతగా ఉండవచ్చునని మా ఆశ. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, మాలో ఎవరికీ ఈత రాదు, మామయ్య మాంసం, చేప ముట్టరు. హోటల్ వాళ్లు ఫీఫీ దీవులకు స్పీడ్‌బోటులో వెళ్లమంటున్నారు. నాకేమో ఫాంగ్ నా అఖాతం వైపు మనసు పోతున్నది. వెళ్లివచ్చిన వారు చెప్పగలరా?

సూర్యాపేట పంతులు:

అమ్మా, మీ మనసు సరైన వైపే పోతున్నది. ఫీఫీ దీవులు బహిరంగ సముద్రంలో ఉన్నాయి, స్పీడ్‌బోటు అల మీద నుంచి అల మీదికి దూకుతూ పోతుంది. నడుము నొప్పి ఉన్నవారిని, గర్భిణులను చాలామంది నిర్వాహకులు అందులో ఎక్కించుకోరు. ఫాంగ్ నా అఖాతం అట్లా కాదు. ఫుకెట్ దీవికీ ప్రధాన భూభాగానికీ నడుమ ఒదిగి ఉండడం వల్ల అక్కడ అలలు చిన్నవి, నీళ్లు లోతు తక్కువ, చుట్టూ నిలువుగా లేచిన సున్నపురాతి గుట్టలు, వాటి అంచున మడ అడవులు. సాగర్ నుంచి నాగార్జునకొండకు లాంచీలో పోయినవారికి ఆ నింపాదితనం వెంటనే అర్థమవుతుంది. మీరు పోయేది జనవరి కాబట్టి వాతావరణం గురించి బెంగ లేదు. మే నుంచి అక్టోబర్ దాకా ఆ తీరంలో నైరుతి రుతుపవనాల కాలం. 2018 జులైలో ఫుకెట్ దగ్గర ఒక యాత్రా నౌక తుఫాను గాలికి మునిగి 47 మంది చనిపోయింది ఆ కాలంలోనే.

అయితే ఫాంగ్ నా యాత్రలన్నీ ఒక్కలాంటివి కావు. కొన్ని వ్యాన్‌లో రేవు దాకా తీసుకుపోయి, వెనుక పొడుగు కడ్డీతో ఇంజన్ బిగించిన సన్నటి ‘పొడుగు తోక పడవ’ ఎక్కిస్తాయి. ఆ పడవ అంచు దాటి లోపలికి దిగడం మోకాళ్లు బాగున్నవారికే కష్టం, పైగా ఇంజన్ మోతకు గైడ్ చెప్పేది ఒక్క ముక్క వినబడదు. మీకు కావలసింది రెండంతస్తుల పెద్ద పడవ. నీడ, కుర్చీలు, మరుగుదొడ్డి ఉంటాయి. అందులో కొన్ని, గుహల గుండా గుట్టల లోపలి మడుగుల్లోకి గాలి నింపిన చిన్న పడవల్లో తీసుకుపోతాయి. తెడ్డు వేసేది వాళ్ల మనిషే, మీరు ఊరికే కూర్చుంటే చాలు. కూర్చోవడం కూడా కొంతసేపే! నీటి మట్టం కొంచెం పెరిగితే వెల్లకిలా పడుకోమంటారు. ముక్కుకు జానెడు పైన రాయి, దానికి కత్తుల్లాగా అతుక్కున్న ఆలిచిప్పలు. చేతులు లోపలే పెట్టుకోమని పదేపదే చెబుతారు. ఆటుపోట్లను బట్టి ఏ గుహ ముందు, ఏది వెనుక అన్నది మారిపోతుంది కాబట్టి బ్రోచర్‌లోని వరుస తప్పిందని గొడవ పడవద్దు.

మిర్యాలగూడ నుంచి:

పంతులు గారి మాటతో ఏకీభవిస్తూనే ఒక్కటి చెబుతాను. ‘జేమ్స్‌బాండ్ దీవి’ అన్న పేరు చూసి యాత్ర ఎంచుకోకండి. 1974లో వచ్చిన సినిమా పుణ్యమా అని అక్కడ నిలబడే చోటు దొరకదు. మేకులాగా లేచిన కో తాపు అనే రాయి 20 మీటర్ల ఎత్తు ఉంటుంది, దాని దగ్గరికి పడవలను పోనివ్వరు, ఎదుటి దీవి నుంచి చూసి ఫోటో తీసుకోవలసిందే. ఎన్ని చోట్ల ఆగుతుందో అడగండి. ఎక్కువ చోట్ల ఆపేది హుషారు పిల్లలకు బాగుంటుంది. దిగడం, ఎక్కడంతోనే మీ అత్తమ్మ గారికి సాయంత్రమవుతుంది. జాతీయ పార్కు రుసుము విదేశీ పెద్దలకు 300 బాత్‌లు. అది ధరలో కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. మమ్మల్ని తీసుకుపోయినవారు కలిసి ఉందని చెప్పి రేవులో మళ్లీ వసూలు చేశారు. అక్కడ గైడ్‌లకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, కార్డు మెడలో వేసుకుంటారు. ఏదైనా పేచీ వస్తే 1155కు ఫోన్ చేస్తే పర్యాటక పోలీసులు మాట్లాడతారు.

పాలమూరు శాకాహారి:

భోజనం గురించి ఎవరూ చెప్పలేదు. యాత్రల్లో చాలావాటికి మధ్యాహ్న భోజనం కో పన్యీలో ఉంటుంది. నీటి మీద గుంజలు పాతి కట్టుకున్న ముస్లిం మత్స్యకారుల ఊరు అది, అక్కడి వంటలన్నీ చేప, రొయ్య. కూరగాయల వేపుడు అని తెచ్చిపెట్టినా అందులో చేపల సాస్ పడే ఉంటుంది, కాబట్టి బుక్ చేసేటప్పుడే చేపల సాస్, రొయ్యల ముద్ద రెండూ వద్దని స్పష్టంగా రాయించాలి. నేనైతే సకినాలు, పల్లీల పొడి, చపాతీలు సంచిలో పెట్టుకునే పోతాను, ఏ ఊరైనా సరే. ఆ ఊళ్లో మసీదు ఉంది, భుజాలు కప్పే బట్టలు వేసుకుంటే మర్యాద. మీ పాపకు అక్కడి తేలే ఫుట్‌బాల్ మైదానం చూపించండి. 1986లో ఆ ఊరి పిల్లలు పాత చెక్కలు ఏరి కట్టుకున్నారట. నేల జానెడు లేని చోట ఆట మీద ఎంత పిచ్చి ఉంటే ఆ పని చేస్తారు!

నల్లగొండ కోడలు:

అందరికీ కృతజ్ఞతలు. రెండంతస్తుల పడవే చూస్తున్నాము. ఇంకో సందేహం: మేము గుహల్లోకి పోతే అత్తమ్మను పడవలో ఒంటరిగా వదలవలసి వస్తుందా?

సూర్యాపేట పంతులు:

సిబ్బంది పైనే ఉంటారమ్మా. గుహల్లోకి దిగనివారు ప్రతి గుంపులోనూ ఉంటారు, వారికి టీ, పండ్లు ఇచ్చి కూర్చోబెడతారు. అయినా భాష రాని చోట ఆమెకు తోడుగా మీ మామయ్య గారో మరొకరో ఉంటే మంచిది. మీ పాపను మీతో ఒకే చిన్న పడవలో ఎక్కించమని ముందే అడగండి. లైఫ్ జాకెట్ పట్టీలు పాప కొలతకు బిగించారో లేదో మీరే చూసుకోవాలి. సన్‌స్క్రీన్ కొనేటప్పుడు ఆక్సీబెంజోన్ లేనిది తీసుకోండి, పగడాలకు హాని చేసే క్రీములను థాయిలాండ్ 2021 నుంచి జాతీయ పార్కుల్లో నిషేధించింది. పటాంగ్ ఉన్నది ఫుకెట్ దీవికి పడమర వైపు, మీరు పడవ ఎక్కే రేవులు తూర్పు వైపు. కాబట్టి పొద్దున వ్యాన్ ఎన్ని హోటళ్లు తిరిగి మనుషులను ఎక్కించుకుంటుందో కూడా అడగండి. కొన్ని యాత్రలు మధ్యాహ్నం బయలుదేరి రాత్రికి తిరిగి వస్తాయి. ఆ వేళకు మిగతా పడవలు వెనుదిరుగుతుంటాయి కాబట్టి మడుగుల్లో రద్దీ తగ్గుతుంది. మీ వాళ్లకు పొద్దుటి నిద్ర కూడా మిగులుతుంది.