దిగుమతి పామాయిల్ తగ్గించి మన నూనెకు మళ్లగలమా?

సీమ రైతుబిడ్డ:
దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది. 1986లో నూనెగింజల మిషన్ పెట్టాక తొంభైల మొదట్లో మన అవసరాలు దాదాపు మనమే తీర్చుకున్నాం. 1994లో పామాయిల్ దిగుమతికి గేట్లు ఎత్తేశారు, అక్కడి నుంచి కిందికే. 2022 ఏప్రిల్‌లో ఇండోనేషియా ఎగుమతులు ఆపితే ఇక్కడ బజ్జీల బండివాళ్లకి కూడా టెన్షన్ పట్టుకుంది. దిగుమతి సుంకం పెంచి, ఆ డబ్బుతో ఇక్కడి గింజలు కొనాలని నా వాదన.

అమీర్‌పేట మెస్:
అన్నా, గానుగ నూనె ధర పామాయిల్‌కి రెండింతల పైనే. నా దగ్గర తినేది కోచింగ్ పిల్లలు. ప్లేటు మీద పది రూపాయలు పెంచితే పక్క మెస్‌కి పోతారు. 2024 సెప్టెంబర్‌లో సుంకం పెంచితే నూనె టిన్ను ఎంత ఎగిరిందో నాకు తెలుసు. 2025 మే ఆఖరులో ముడినూనె మీద తగ్గించాకే కొంచెం ఊపిరాడింది. మళ్లీ పెంచమంటారా?

అశ్వారావుపేట గెలలు:
పామాయిల్ అనగానే పరాయిది అనకండి. మా తోటలు ఇక్కడివే, ఫ్యాక్టరీ ఇక్కడిదే. హెక్టారుకు 4 టన్నుల దాకా నూనె వస్తుంది. వేరుశనగలో టన్ను కూడా రాదు. పైగా కోతుల బెడద తక్కువ. దిగుమతి తగ్గాలంటే దీనికంటే దగ్గరి దారి ఏముంది?

సీమ రైతుబిడ్డ:
తోట మీదే గానీ, ధర మీ చేతిలో ఉందా అన్నా? గెలల (పామాయిల్ పండ్ల గుత్తుల) రేటు అంతర్జాతీయ ముడి పామాయిల్ ధరను బట్టే కడతారు. 2022లో టన్ను 20 వేలు దాటిన గెల మరుసటి ఏడాదికి ఎంతకు పడిందో మీకే బాగా తెలుసు. ఇక నీళ్లు. వేసవిలో చెట్టుకు రోజుకు సుమారు 200 లీటర్లు, ఎకరాకు 57 చెట్లు. అంటే ఎకరానికి రోజూ 11 వేల లీటర్ల పైమాట. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే మా అనంతపురంలో అది కుదిరే పనేనా?

వేరుశనగ లెక్క నూనెతో అయిపోదు. ఆడించగా మిగిలిన చెక్క పాడిగేదెలకు, కాయ కోసిన కట్టె ఎండాకాలం మేతకు, పేడ తిరిగి చేనుకు. రూపాయి ఊళ్లోనే నాలుగు చేతులు మారుతుంది. పామాయిల్ ప్యాకెట్ కొంటే అదేమీ జరగదు.

అగ్రి స్టూడెంట్:
అన్నా, ఆ వేరుశనగే కదా మన జిల్లాలో కొర్రను, కందిని తోసేసింది! ఎర్రనేలల్లో ఏళ్ల తరబడి అదొక్కటే వేశారు. ఊడలు (కాయ కట్టే కాడలు) నేలలోకి దిగే వేళకు వాన తప్పితే ఆ ఏడు పెట్టుబడి గల్లంతు. ఊళ్లో పండినంత మాత్రాన నేలకు మేలు జరిగినట్టు కాదు.

సీమ రైతుబిడ్డ:
ఒప్పుకుంటాను తమ్ముడూ. మధ్యలో కంది సాళ్లు ఉండాలి, నువ్వులు, కుసుమ కూడా కొనేవాళ్లు ఉండాలి. కొనేవాళ్లు లేకే రైతు ఒక్క పంటకు అతుక్కుపోయాడు.

మెస్ అక్కా, బరువంతా మీ నెత్తిన పెట్టమనడం లేదు. 2013లో రేషన్ షాపుల్లో అమ్మహస్తం పథకం సంచిలో పామాయిల్ ప్యాకెట్ ఇచ్చింది ప్రభుత్వమే. ఇప్పుడు హాస్టళ్లకు, మధ్యాహ్న భోజనానికి అదే ప్రభుత్వం పక్క మండలం మిల్లు నూనె కొనాలి. సుంకం డబ్బు అక్కడ ఖర్చు పెట్టమంటున్నా.

అమీర్‌పేట మెస్:
హాస్టళ్లతో మొదలుపెడితే నాకేం అభ్యంతరం లేదు. మరి ఆ చిన్న మిల్లులు కల్తీ లేకుండా, ఏడాదంతా ఒకే రేటుకు ఇస్తాయా? ప్రతి టిన్నూ పరీక్ష చేసేది ఎవరు? అది తేల్చండి, నేనూ రెండు టిన్నులు తీసుకుంటా.