ట్రాలీ జాకీ ఉంటే చాలదా? స్టాండ్లు నిజంగా కావాలా?

పాత ఆల్టో:
ఇంజిన్ ఆయిలు నేనే మార్చుకుందామని 2 టన్నుల ట్రాలీ జాకీ కొన్నాను. నా కారు మొత్తం బరువే సుమారు 750 కిలోలు. అంటే జాకీ దానికి రెండింతలకు పైగా మోస్తుంది. మరి ఎత్తిన బండిని ఆనించే ఇనుప జాకీ స్టాండ్లకు మళ్లీ డబ్బు తగలేయాలా? మా వీధి మెకానిక్ రెండు సిమెంటు ఇటుకలు ఆనించి కిందకు దూరిపోతాడు. ఇరవై ఏళ్లుగా ఆయనకు ఏమీ కాలేదు.

స్పానర్ సెట్టు:
బరువు లెక్క సరే. కానీ జాకీ పైకెత్తిన బండిని పట్టి ఉంచేది నూనె. ఆ నూనెను ఆపేది ఒక చిన్న వాల్వు, ఒక రబ్బరు సీలు. వాల్వు కూర్చునే చోట ఇసుక రేణువంత చెత్త చేరినా నూనె వెనక్కి జారుతుంది, బండి దిగుతుంది. సీలు చిరిగితే ఒక్కసారిగా దిగుతుంది. జాకీ 10 టన్నులదైనా సీలు సీలే. స్టాండులో నూనె లేదు, ఇనుము మీద ఇనుము అంతే.
ఇక ఇటుక. గోడలో దాని మీద బరువు సమంగా పరుచుకుంటుంది. కారు అంచు రేకు మాత్రం కత్తిలా ఒకే గీత మీద ఆనుతుంది. ఇటుక ముందుగా వంగి చెప్పదు, పగులుతుంది. బోలు దిమ్మె అయితే మరీను. మీ మెకానిక్‌కు ఇరవై ఏళ్లు ఏమీ కాలేదంటే ఆయన ఇటుకలు మంచివని కాదు.

ఆటోనగర్ అబ్బాయి:
స్టాండ్ల మీద ఇంత భక్తి కూడా వద్దండీ. నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద పని నేర్చుకున్నాను. మేము నమ్మింది చెక్క దిమ్మెల్ని. ఒక వరుస నిలువుగా, దాని మీద వరుస అడ్డంగా పేర్చేవాళ్లం. చెక్క విరిగే ముందు నలుగుతుంది, చప్పుడు చేస్తుంది, మనిషి బయటకు రావడానికి కాస్త వ్యవధి ఇస్తుంది. సన్నని కాళ్ల స్టాండుకు ఆ మర్యాద తెలియదు. వాన పడిన మర్నాడు మట్టి నేలలో ఒక కాలు దిగబడి స్టాండు ఒరిగిపోవడం నేను చూశాను. ఆ క్షణంలో కింద ఎవరూ లేరు, బతికిపోయాం.

డాలస్ షెడ్డు:
స్టాండు ఇనుము కదా అని కళ్లు మూసుకుని నమ్మకండి, దానికి ఇక్కడి కథ ఒకటి. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ సంస్థ తాను అమ్మిన పిట్స్‌బర్గ్ స్టాండ్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిపించుకుంది. స్టాండు ఎత్తు సరిచేసే పళ్ల కమ్మీని ఆపే కొక్కెం సరిగా పట్టక, బరువు కాస్త కదిలితే జారిపోయే ప్రమాదం ఉందన్నారు. బదులుగా ఇచ్చిన వాటిలో కొన్నింటికి వెల్డింగు లోపం బయటపడి, అదే ఏడాది మళ్లీ పిలిపించారు!
అప్పటి నుంచి నేను అడ్డంగా పిన్ను దూర్చే రకమే వాడుతున్నాను. బండిని స్టాండ్ల మీదికి దింపాక కూడా జాకీని తీసేయను, అంటీ అంటనట్టు ఉంచుతాను. చక్రం విప్పితే దాన్ని కారు అంచు కిందకు తోస్తాను. మూడూ ఒకేసారి మోసం చేస్తే అది నా ఖర్మ.

మూడో అంతస్తు:
మీరందరూ పైకెత్తిన చక్రాల గురించే మాట్లాడుతున్నారు. నేల మీద ఉన్న చక్రాల సంగతి ఎవరికీ పట్టలేదు. మా సెల్లారులో నీరు పోవడానికి కొద్దిపాటి వాలు ఉంది. పోయిన ఏడాది నేను వెనుక రెండు చక్రాలూ ఎత్తాను. గేరు న్యూట్రల్‌లో ఉంది, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగానని ధీమా. మా కారులో ఆ బ్రేకు పట్టేది వెనుక చక్రాలనే. అవేమో గాలిలో ఉన్నాయి! బండి మెల్లగా ముందుకు నడిచింది, దాని వెంట జాకీ కూడా. స్తంభం అడ్డం రాకపోతే ఏమయ్యేదో.
గేరులో వేస్తే సరిపోతుందని మా తమ్ముడు అన్నాడు. అన్నిసార్లూ అది చాలదు. ముందు చక్రాలు లాగే కారులో ముందు చక్రం ఒక్కటి ఎత్తినా గేరు పట్టు పోతుంది. రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల ఎత్తిన చక్రం ఒకవైపు తిరుగుతూ, నేల మీద ఉన్న చక్రాన్ని రెండోవైపు తిరగనిస్తుంది. అందుకే ఇప్పుడు నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టనిదే జాకీ ముట్టను.

పాత ఆల్టో:
సరే, స్టాండ్లు కొంటాను. మరి ఇంకో చిక్కు. మాన్యువల్‌లో చూపిన గుర్తు దగ్గర జాకీ పెడితే, స్టాండు పెట్టడానికి చోటేది?

స్పానర్ సెట్టు:
ఇది అసలైన ప్రశ్న. పక్క గుర్తులను స్టాండ్లకు వదిలేయండి. ట్రాలీ జాకీని ముందు భాగాన మధ్యలో, సస్పెన్షన్ బిగించిన దృఢమైన ఫ్రేము కింద పెట్టాలి. మీ మోడల్‌కు ఆ చోటు ఎక్కడో మాన్యువల్‌లో చూసుకోండి. ఇంజిన్ అడుగున ఆయిలు నిలిచే సంపు కింద పెట్టారో, మార్చాల్సిన ఆయిలు నేల మీదే ఉంటుంది.
ఎత్తుతున్నప్పుడు జాకీ చేయి వంపుగా లేస్తుంది కాబట్టి జాకీ చక్రాలు కొంచెం దొర్లాలి. గరుకు నేలలో ఇరుక్కుంటే అది బండిని పక్కకు లాగుతుంది. స్టాండ్ల మీదికి దించాక, కిందకు దూరే ముందు బండిని చేతులతో గట్టిగా ఊపండి. పడేది ఏదైనా ఉంటే అప్పుడే పడనివ్వండి.

ఆటోనగర్ అబ్బాయి:
ఇంత తతంగం కేవలం ఆయిలు కోసమా? గుంత ఉన్న గ్యారేజీకి తీసుకెళితే కారు ఎత్తే పనే ఉండదు. ఇంట్లోనే చేస్తానంటే చక్రాలు ఎక్కించే ర్యాంపు మేలు, బండి తన టైర్ల మీదే నిలబడుతుంది. స్టాండ్లు బ్రేకు పనికి ఉంచుకోండి. మట్టి నేలైతే కాళ్ల కింద మందపాటి ప్లైవుడ్ పలక వేయండి. అయినా నా ఓటు చెక్కకే.

మూడో అంతస్తు:
ఆ ప్లైవుడ్ పలక సెల్లారులోనూ వేయండి. స్టాండు కాలి కింద నేను పగలగొట్టిన రెండు టైల్స్ గురించి మా అసోసియేషన్ వారు ఇంకా అడుగుతూనే ఉన్నారు.