బందరు రేవును ముంచింది ఉప్పెనా, అంతకు ముందే మునిగిందా?

చిలకలపూడి చిన్నోడు:
బందరు గురించి ఎవరితో మాట కలిపినా చివరికి ఒకటే పాట: "గోల్కొండ నవాబుల కాలంలో వెలిగిపోయిన ఊరండీ, 1864 ఉప్పెనలో కొట్టుకుపోయింది." నేను ఒప్పుకోను. ఆ నవంబరు 1 రాత్రి సముద్రం 13 అడుగుల ఎత్తున ఊరి మీద పడింది, సుమారు 30,000 మంది పోయారు. ఆ ఘోరాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ రేవు పని అంతకు చాలా ముందే అయిపోయింది. ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ కొట్టు పెట్టింది 1611లో. 1639లో మద్రాసులో జాగా సంపాదించింది, 1641కల్లా కోరమండల్ తీరంలో తన ముఖ్య స్థావరాన్ని అక్కడికి మార్చేసింది. అంటే ఉప్పెనకు 223 ఏళ్ళ ముందే పెద్ద బేరగాడు దుకాణం మార్చాడు. కాదనేవాళ్ళు కారణం చెప్పండి, సెంటిమెంటు వద్దు.

రేవు గట్టు:
చిన్నోడు గారూ, 1641 తర్వాతే కదండీ బందరు బాగా వెలిగింది! ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే వచ్చింది 1652లో. బంగాళాఖాతంలో ఓడ నిలపడానికి ఇంతకంటే మంచి చోటు లేదని రాశాడు. ఇంగ్లీషువాళ్ళు పోతే డచ్చివాళ్ళు లేరా? 1669లో ఫ్రెంచివాళ్ళు కూడా వచ్చారు. అయినా తెల్లవాళ్ళనే లెక్కపెడితే ఎలా? అసలు వ్యాపారం పర్షియన్లది. ఒకప్పుడు ఇక్కడ హవల్దారుగా, అంటే గోల్కొండ తరఫున ఊరి అధికారిగా, చేసిన మీర్ జుమ్లా కూడా పర్షియావాడే, సొంత ఓడలు నడిపిన మనిషి. బర్మాలోని పెగూకి, సుమత్రాలోని అచేకి, ఎర్రసముద్రానికి ఇక్కణ్ణించి ఓడలు వెళ్ళేవి, మక్కా యాత్రికులతో సహా. ఇదంతా గోల్కొండ దర్బారు అండతో నడిచింది. 1687లో ఔరంగజేబు గోల్కొండ కోట పట్టుకున్నాక ఆ అండ పోయింది. నా లెక్కలో దెబ్బ అక్కడ తగిలింది.

పెడన అద్దకం:
ఇద్దరూ రాజుల గురించే మాట్లాడుతున్నారు. ఓడలోకి ఎక్కిన సరుకేంటో చూడరా? బట్ట! మా వీధిలో ఇప్పటికీ చేసే పని చెప్తాను. ముందు గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతాం. తుప్పు పట్టిన ఇనుపముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి నానబెట్టిన నీళ్ళతో నలుపు అచ్చు. ఎరుపు రావాల్సిన చోట పటిక అచ్చు. పటిక అద్దినప్పుడు గుడ్డ మీద పెద్దగా ఏమీ కనబడదు. పారే కాలువలో జాడించి, రంగునీళ్ళలో ఉడకబెడితే, పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఉతికినా పోదు. పూర్వం ఆ ఎరుపు మన తీరం ఇసుక నేలల్లో దొరికే చిరివేరుది. యూరప్‌వాళ్ళకి ఉతికితే పోని రంగు అంటే పిచ్చి.

పిచ్చి ముదిరాక ఏం చేశారో తెలుసుగా? ఫ్రాన్సు 1686లో అచ్చు బట్టలు నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతి ఆపే చట్టం చేసి, 1721లో అసలు కట్టుకోవడమే నేరం చేసింది. ఆ తర్వాత మాంచెస్టర్ మిల్లు బట్ట తిరిగి మన మీదకే వచ్చింది. సరుకు లేని రేవుకి ఓడ ఎందుకు వస్తుంది?

కాకినాడ కాజా:
సరుకు సంగతి సరే. ఓడ ఒడ్డుకొచ్చే దారి ఉందా అసలు? పెద్ద ఓడలు మైళ్ళ దూరంలో లంగరు వేసుకుని కూర్చునేవి, మూట మూటా పడవల్లో మోయాలి. కృష్ణమ్మ తెచ్చి పోసే ఒండ్రు, నల్ల బురద. మా ఊరికి హోప్ ఐలాండ్ అడ్డం ఉంది కాబట్టి అలల టెన్షన్ లేదు. లడ్డూ మీది బాగుంటుంది, ఒప్పుకుంటా. రేవు మాత్రం మాది.

చిలకలపూడి చిన్నోడు:
కాజా బ్రదర్, మద్రాసుకి ఏ దీవి అడ్డం ఉంది చెప్పు? అక్కడా అలల మీద మసూలా పడవల్లోనే మోశారు. 1870ల్లో సర్కారు డబ్బుతో హార్బరు మొదలెట్టారు, 1881 తుఫానుకి గోడలు దెబ్బతిన్నాయి, మళ్ళీ కట్టారు. విశాఖలో చిత్తడి నేల తవ్వి 1933కి రేవు తెరిచారు. డబ్బు పెట్టాలనుకున్న చోట ప్రకృతి అడ్డం రాలేదు. బందరుకి అదే ఒండ్రు, అదే అల సాకులయ్యాయి.

దివిసీమ:
మీరంతా ఉప్పెనని పక్కకి నెట్టేస్తున్నారు. 1977 ఉప్పెన తర్వాత మా వైపు ఊళ్ళు ఎలా ఉన్నాయో ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను. ఉప్పునీళ్ళు నిలిచిన చేలో పంట రాదు. పడవ నడిపేవాడు, మూట మోసేవాడు, అప్పిచ్చే షావుకారు ఒకే రాత్రి పోతే వ్యాపారం ఎవరు చేస్తారు? మద్రాసులో హార్బరు కట్టారంటే, కట్టమని గట్టిగా అడిగే వర్తకులు అక్కడ మిగిలారు. బందరులో 1864 తర్వాత అడగడానికి ఎవరున్నారు?

చిలకలపూడి చిన్నోడు:
ఇది మాత్రం గట్టి పాయింటే అండి. అయితే ఊరు చచ్చిపోలేదు. 1902లో కృష్ణా పత్రిక, 1910లో జాతీయ కళాశాల, 1923లో పట్టాభి గారి ఆంధ్రా బ్యాంకు ఇక్కడే పుట్టాయి. జెండా పింగళి వెంకయ్య గారు పాఠాలు చెప్పిందీ ఆ కళాశాలలోనే. రేవు లేని ఊరు ఇదంతా చేసింది.

ఇక గట్టు గారూ, 1687లోనే అయిపోతే 1750లో ఫ్రెంచివాళ్ళు ఈ ఊరు ఎందుకు పట్టుకున్నారు? 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కంపెనీ కర్నల్ ఫోర్డ్ రాత్రికి రాత్రి బురదలో నడిపించి కోట మీద ఎందుకు పడ్డాడు?

రేవు గట్టు:
శిస్తు కోసమండీ! కోట పడగానే హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ ఇంగ్లీషువాళ్ళకి ఏం రాసిచ్చాడో చూడండి: బందరుతో పాటు చుట్టుపక్కల జిల్లాలు. వాళ్ళు పోరాడింది వరి పండే నేల మీద పెత్తనానికి, ఓడల కోసమైతే మద్రాసు చేతిలో ఉంది కదా. ఈసారి ఊరెళ్తే బందరు కోటలో డచ్చివాళ్ళ సమాధుల మీద చెక్కిన తేదీలు చదివి రండి. 1600ల నాటివి కనిపిస్తాయి. ఉప్పెననాటికి డచ్చివాళ్ళ కొట్టు ఎక్కడుందో మీరే చెప్పండి.

కాకినాడ కాజా:
తపసిపూడి దగ్గర కట్టే బందరు కొత్త పోర్టుకి ఓడ వచ్చే దారి ఎప్పుడూ తవ్వుతూనే ఉండాలి. ఒండ్రు సాకు అన్నారుగా చిన్నోడు గారు, ఆ డ్రెడ్జింగ్ బిల్లు ఎవరు కడతారో దానికి వేరే చర్చ పెట్టండి, వస్తా.